చెక్‌పాయింట్ దగ్గర పరిశీలకులుగా నిలబడటం ఎలా

మన ఊళ్లనుంచి పవిత్ర భూమి యాత్రకి వెళ్లే బస్సులు యెరూషలేము నుంచి బేత్లెహేముకి వెళ్తూ ఒక ఎత్తైన కాంక్రీటు గోడను దాటతాయి. టూరిస్టు బస్సును పెద్దగా ఆపరు. ఆపినా కాసేపట్లో వదిలేస్తారు. లోపల కూర్చున్నవాళ్లు అప్పటికి పాటలు పాడుతూనో, బేత్లెహేములో ఏం కొనాలో మాట్లాడుకుంటూనో ఉంటారు. ఆ గోడలోనే, బస్సులోంచి కనపడని పక్కన, మనుషులు నడిచి దాటే దారి ఒకటి ఉంది. అక్కడ ఇజ్రాయెల్ సైన్యం పాలస్తీనియన్లని తనిఖీ చేసి పంపుతుంది. దాని పేరు చెక్‌పాయింట్ 300.

2023 అక్టోబరుకి ముందు నేను ఆ ప్రాంతంలో మూడు నెలలు స్వచ్ఛంద పరిశీలకురాలిగా ఉన్నాను. తిరిగొచ్చాక చాలామంది అడిగారు, అక్కడ మీరు చేసేదేంటి, మేమూ వెళ్లొచ్చా అని. వెళ్లొచ్చు. కానీ తయారవకుండా వెళ్తే ఉపయోగం లేకపోగా అక్కడివాళ్లకి బరువవుతాం. నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇందులోని కూలీల వరస నేనున్నప్పటిది, 2023 తర్వాత మారినవి చివర్లో చెప్తాను.

ఎవరితో వెళ్లాలి

ఒంటరిగా వెళ్లి ఒక కెమెరా పట్టుకుని నిలబడొద్దు. ఏళ్ల తరబడి అక్కడ ఉంటున్న సంస్థ ద్వారానే వెళ్లండి. యెరూషలేములోని క్రైస్తవ సంఘాల పెద్దలు అడగ్గా ప్రపంచ చర్చిల మండలి 2002లో ఒక తోడు కార్యక్రమం మొదలుపెట్టింది. రకరకాల దేశాలవాళ్లు సుమారు మూడు నెలలపాటు చిన్న బృందాలుగా అక్కడే ఉండి, చెక్‌పాయింట్ల దగ్గర, బడి దారుల్లో, పొలాల గేట్ల దగ్గర నిలబడతారు. హెబ్రోనులో 1995 నుంచి పనిచేసిన శాంతి బృందం మరొకటి ఉంది, ఇప్పుడు కమ్యూనిటీ పీస్‌మేకర్ టీమ్స్ అంటారు. ఇక ఇజ్రాయెల్ మహిళలే 2001లో మొదలుపెట్టిన మఖ్సోమ్ వాచ్ ఉంది. మఖ్సోమ్ అంటే హీబ్రూలో చెక్‌పాయింట్. అందులో అందరూ ఆడవాళ్లే, చాలామంది పెద్ద వయసువాళ్లు. వాళ్ల దేశపు సైనికులు ఏం చేస్తున్నారో వాళ్లే వెళ్లి చూసి, చూసింది అదే రోజు రాసి పెడతారు. మీరు ఆ సంస్థలో చేరలేరు కానీ వాళ్ల రిపోర్టులు ఎవరైనా చదవొచ్చు. వెళ్లేముందు ఓ ముప్పై రిపోర్టులు వరసగా చదవండి. ఏ శిక్షణా దానికి సాటి రాదు.

సంస్థను నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పని చేయమని అక్కడి పాలస్తీనియన్లు అడిగారా? నేను రాసింది ఎవరికి చేరుతుంది? నన్ను పట్టుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి? నేను వెళ్లిపోయాక ఆ చోటుకి ఎవరు వస్తారు? నాలుగో ప్రశ్నకి జవాబు లేకపోతే నేనైతే వెళ్లను. మూడు నెలలు నిలబడి, మనుషులకి అలవాటై, చెప్పాపెట్టకుండా మాయమైపోవడం మంచి పని కాదు.

వీసా సంగతి. పాలస్తీనాను మన దేశం 1988లోనే గుర్తించింది, రమల్లాలో మన ప్రతినిధి కార్యాలయం కూడా ఉంది. అయినా బేత్లెహేము, రమల్లా, హెబ్రోను ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లోకి వెళ్లాలంటే మాత్రం దారి ఇజ్రాయెల్ చేతిలోనే ఉంటుంది. విమానాశ్రయంలోనైనా, జోర్డాన్ నుంచి వచ్చే అలెన్‌బీ వంతెన దగ్గరైనా ప్రశ్నలు గట్టిగానే ఉంటాయి. ఇజ్రాయెల్‌ను బహిష్కరించమని బహిరంగంగా పిలుపునిచ్చినవాళ్లని రానివ్వకుండా 2017లో చట్టం కూడా మార్చారు. దీని మీద సంస్థ ఇచ్చే సలహా తు.చ. తప్పకుండా పాటించండి. వెనక్కి పంపితే టెన్షన్ పడకండి, చాలామందికి జరిగిందే.

కార్డులు గుర్తుపట్టడం నేర్చుకోండి

అక్కడ మనిషి కదలిక అంతా కార్డు రంగు మీద ఆధారపడి ఉంటుంది. వెస్ట్ బ్యాంక్ పాలస్తీనియన్ల గుర్తింపు కార్డు కవరు ఆకుపచ్చ. తూర్పు యెరూషలేములో ఉండేవాళ్లది నీలం. ఒకే ఇంట్లో భార్యది నీలం, భర్తది ఆకుపచ్చ అయితే, ఆమె వెళ్లే దారిలో ఆయన వెళ్లలేడు. కార్లకీ అంతే: పసుపు నంబరు ప్లేటు ఇజ్రాయెల్‌ది, తెలుపు మీద ఆకుపచ్చ అక్షరాలు పాలస్తీనాది. ఆకుపచ్చ కార్డుతో యెరూషలేముకి పోవాలంటే సైన్యం ఇచ్చే మాగ్నెటిక్ కార్డు, దాని మీద పర్మిట్ ఉండాలి. పర్మిట్‌ను అరబీలో తస్రీహ్ అంటారు. ఆ మాట రోజుకి వందసార్లు వినపడుతుంది. పనికి ఇచ్చే పర్మిట్ ఒక యజమానికి ముడిపడి ఉండేది, ఆయన వద్దంటే పర్మిట్ పోయేది. అందుకే దళారులు పుట్టుకొచ్చారు. పర్మిట్ కోసం నెలకి 2,000 షెకెళ్ల (ఇజ్రాయెల్ డబ్బు) పైన వాళ్ల చేతుల్లో పెట్టి పనికి వెళ్లినవాళ్లు చాలామంది.

గుర్తుంచుకోవాల్సిన ఇంకో మాట మమ్నూఅ. నిషేధం అని అర్థం. భద్రతా కారణాలతో ఒకరి పేరు నిషేధ జాబితాలో పడితే, కారణం ఆ మనిషికి చెప్పరు. గేటు దాకా వచ్చాకే, యంత్రం ఎర్రగా వెలిగితేనే తెలిసినవాళ్లున్నారు.

భూమి పటం కూడా తెలియాలి. 1995 ఓస్లో ఒప్పందం ప్రకారం వెస్ట్ బ్యాంక్ ఎ, బి, సి అని మూడు ముక్కలు. అరవై శాతం దాకా ఉన్న సి పూర్తిగా ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉంది. 2002లో కట్టడం మొదలైన గోడ కోసం గీసిన దారి సుమారు 712 కిలోమీటర్లు. అందులో 85 శాతం 1949 నాటి కాల్పుల విరమణ గీత అయిన గ్రీన్ లైన్ మీద కాదు, వెస్ట్ బ్యాంక్ లోపలినుంచే పోతుంది. ఆ దారిలో గోడ కట్టడం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని 2004 జులై 9న అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. ఇది ఎందుకు తెలియాలంటే, మీరు నిలబడే చెక్‌పాయింటు రెండు దేశాల సరిహద్దు అనుకుంటే మీరు రాసే ప్రతి వాక్యమూ తప్పుగా వస్తుంది. చాలా చెక్‌పాయింట్లు పాలస్తీనా ఊరికీ పాలస్తీనా ఊరికీ మధ్యే ఉంటాయి. బేత్లెహేము నుంచి రమల్లాకి వెళ్లే దారిలో కంటైనర్ అనే చెక్‌పాయింట్ ఉంది. అది మూస్తే వెస్ట్ బ్యాంక్ దక్షిణం ఒకవైపు, ఉత్తరం ఒకవైపు మిగిలిపోతాయి.

ముందు రాత్రే చేసుకోవాల్సినవి

తొందరగా పడుకోండి. 300 దగ్గర కూలీల వరస రెండున్నర, మూడింటికే మొదలయ్యేది. గేటు తెరిచేది నాలుగింటికి దగ్గర్లో. గేటు తెరిచేసరికి మీరు అక్కడ ఉండాలి, తెరిచిన నిమిషం రాసుకోవాలి. వారంలో ఆదివారం ఎక్కువ రద్దీ, ఎందుకంటే ఇజ్రాయెల్‌లో పని వారం ఆదివారమే మొదలవుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆదివారం కాకుండా వారం మధ్యలో వెళ్తే చూడటం అలవాటవుతుంది.

బేత్లెహేము కొండ మీది ఊరు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున చలి ఎముకల్లోకి దిగుతుంది. మన ఊలు శాలువా సరిపోదు. గాలి ఆపే కోటు, మందం సాక్సులు కావాలి. సంస్థ ఇచ్చిన జాకెట్ అన్నిటికీ పైన వేసుకోండి, గుర్తు కనపడాలి. సైనికుల దుస్తుల్ని గుర్తుచేసే రంగులు వద్దు. పాలస్తీనా జెండా, ఇజ్రాయెల్ జెండా, నినాదాల టీషర్టు, ఏవీ వద్దు. పాస్‌పోర్టు, వీసా చీటీ ఒంటి మీదే ఉండాలి. అత్యవసర నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఫోన్ చేతిలోంచి పోతే ఆ కాగితమే దిక్కు.

చిన్న నోటుబుక్కు, రెండు పెన్నులు, ఒక కౌంటర్. కౌంటర్ అంటే నామజపం చేసేవాళ్లు వేలికి తొడుక్కుని నొక్కుతారే, అలాంటిదే. ఒక మనిషి దాటితే ఒక నొక్కు.

ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి

ఇద్దరు వెళ్లండి. ఒకరు బేత్లెహేము వైపు వరస చివర కనపడే చోట, ఒకరు లోపల తనిఖీ అయ్యాక మనుషులు బయటికొచ్చే చోట. వరసకి అడ్డం రాకూడదు. ఇనుప కమ్మీల మధ్య సందు సన్నగా ఉంటుంది, రద్దీ రోజు జనం ఊపిరాడక కమ్మీల మీదకి ఎక్కి పైనుంచి దాటడం చూస్తారు. అప్పుడు మీరు ఆ సందు మొదట్లో నిలబడితే నలుగురి దారి మూసినట్టే.

తిరిగే ఇనుప గేటు ఒక్కొక్కరినే వదులుతుంది. లోపల కూర్చున్నవాళ్లు మీట నొక్కితే ఆగిపోతుంది, కొన్నిసార్లు ఒక మనిషి సగంలో ఇరుక్కుని ఉండగానే. పాలస్తీనియన్లు దాన్ని మఆతా అంటారు. కోడి ఈకలు పీకే యంత్రానికీ అదే పేరు. ఈ ఒక్క మాట తెలిశాక నేను ఆ గేటు వైపు మామూలుగా చూడలేకపోయాను.

పని మొదలుపెట్టగానే చేయాల్సింది పలకరించడం. "సబాహ్ అల్-ఖైర్" అంటే శుభోదయం, జవాబుగా "సబాహ్ అన్-నూర్" అంటారు. పనికి పోయేవాళ్లతో "యఅతీక్ అల్-ఆఫియా" అనండి, దేవుడు మీకు ఒంట్లో సత్తువ ఇవ్వాలని. అరబీలో మరేమీ రాకపోయినా ఈ మూడు వస్తే చాలు. మగవాళ్లకి చెయ్యి చాపకండి, ఆడవాళ్లకీ చాపకండి. వాళ్లు చాపితే అందుకోండి. టీ, కాఫీ, నువ్వుల రొట్టె అమ్మేవాళ్లు అక్కడ ఉంటారు. రోజూ ఒకరి దగ్గరే టీ తాగండి. ఎన్నింటికి గేటు తెరిచారు, నిన్న ఏమైంది, ఏ యంత్రం పాడైంది, అన్నీ వాళ్లకే తెలుస్తాయి. డబ్బు తీసుకోనంటారు, మొదటి రోజు ఒప్పుకోండి, రెండో రోజునుంచి ఇచ్చేయండి.

ఫజర్ నమాజు వేళకి కొంతమంది అట్టముక్క పరిచి అక్కడే నమాజు చేసుకుంటారు. అటువైపు చూస్తూ నిలబడకండి, ముందునుంచి దాటకండి.

ఇప్పుడు లెక్క. అరగంటకోసారి కౌంటర్ చూసి అంకె రాసి, సున్నాకి తిప్పండి. మొత్తం ఒకేసారి రాస్తే ఎప్పుడు ఆగిందో తెలియదు. అంకె పక్కనే మరో మూడు సంగతులు రాయాలి: లోపల ఎన్ని తనిఖీ కిటికీలున్నాయి, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, తిరిగే గేటు ఎన్నిసార్లు ఎంతసేపు ఆగింది. మనుషులు ఎక్కువై వరస పెరిగిందా, కిటికీలు మూసి పెరిగిందా అన్నది అప్పుడే తేలుతుంది. ఈ తేడా చూపించలేకపోతే, ఇవాళ జనం ఎక్కువ వచ్చారు అన్న ఒక్క మాటతో మీ రిపోర్టు కొట్టేస్తారు.

ఎదురుచూపు ఎంతసేపో కొలవడానికి మేం పాటించిన పద్ధతి ఇది. వరస చివర ఉన్నవాళ్లు కొత్తగా వచ్చి చేరిన ఒకరిని ఎంచుకుంటారు. పేరు అడగరు. "ఎర్ర టోపీ, నల్ల సంచి, 4:50" అని అవతలివైపున్న తోడుకి మెసేజ్. ఆయన బయటికి రాగానే వాళ్లు టైము రాసుకుంటారు. మళ్లీ ఇంకొకరు. ఇలా ఒక ఉదయం ఐదారుగురిని చూస్తే నమ్మదగిన లెక్క వస్తుంది. పని ముగిశాక ఫోన్‌లో ఆ మెసేజ్‌లు తీసేయండి.

ఆడవాళ్లు, వృద్ధులు, రోగులు, బడికి పోయే టీచర్ల కోసం పక్కన వేరే గేటు ఉంటుంది, మానవతా గేటు అంటారు. దాన్ని తెరవాల్సిన టైముకి తెరవకపోవడం తరచూ జరిగేది. ఎన్నింటికి తెరిచారు, ఎవరెవరిని పంపారు, ఎవరిని మగవాళ్ల వరసలోకి పొమ్మన్నారు అన్నవి విడిగా రాయండి. చేతిలో ఆస్పత్రి కాగితాలతో వచ్చేవాళ్లని గమనించండి. క్యాన్సర్‌కి రేడియేషన్ కోసం తూర్పు యెరూషలేములోని అగస్టా విక్టోరియా ఆస్పత్రికి వెళ్లేవాళ్లు వాళ్లలో ఉంటారు. అంబులెన్సులో వచ్చిన రోగిని పాలస్తీనా అంబులెన్సులోంచి దించి, అవతల ఆగిన ఇజ్రాయెల్ నంబరున్న అంబులెన్సులోకి ఎక్కించడం కూడా చూడొచ్చు. మొదటి అంబులెన్స్ ఆగిన టైము, రెండోది కదిలిన టైము రాసుకోండి. ఇంకేమీ అడగొద్దు, దగ్గరికి పోవద్దు.

ఒక నిజం చెప్పాలి. 2019లో 300 దగ్గర, రమల్లా దారిలోని కలందియా దగ్గర కొత్త యంత్రాలు పెట్టారు. కార్డు పెట్టి ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. వరస వేగం బాగా పెరిగింది. అది రాయకపోతే మనం నమ్మకం పోగొట్టుకుంటాం, అందుకే అదీ రాసేవాళ్లం. కానీ పర్మిట్ లేనివాడు ఎంత వేగంగా వచ్చినా గేటు తెరుచుకోదు. పైగా ఆ యంత్రం ముందు నిలబడ్డ మనిషి ముఖం సైన్యం దగ్గర దాచి ఉంటుంది.

ఎవరినైనా వెనక్కి పంపినప్పుడు

మీ మనసు ఎక్కువ అదుపు తప్పేది ఇక్కడే. తెల్లవారుజామున రెండింటికి లేచి, యాభై కిలోమీటర్ల అవతలి ఊరినుంచి టాక్సీలో వచ్చి, రెండు గంటలు నిలబడ్డ మనిషి తల వంచుకుని వరసకి ఎదురుగా నడుచుకుంటూ వెనక్కి వస్తాడు. వెంటనే మీకు సైనికుడి దగ్గరికి వెళ్లి అడగాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఆ మనిషిని అడగండి: "మీకు ఏమైనా సాయం కావాలా?" కొందరు వద్దంటారు, చెయ్యి ఊపి వెళ్లిపోతారు. అది వాళ్ల హక్కు. వెంటపడొద్దు.

కావాలంటే కారణం కనుక్కోండి. పర్మిట్ గడువు అయిపోయిందా, వేలిముద్ర పడలేదా, మమ్నూఅ అన్నారా? సున్నం, సిమెంటు పనిచేసే మేస్త్రీల వేలి గీతలు అరిగిపోతాయి, యంత్రం గుర్తుపట్టదు. ఇది చిన్న సంగతిలా ఉంటుంది, ఆ రోజు కూలి మాత్రం మొత్తం పోతుంది. ఆయన ఒప్పుకుంటే సైన్యపు మానవతా హాట్‌లైన్‌కి ఫోన్ చేయండి, లేదా జిల్లా సమన్వయ కార్యాలయానికి. అక్కడ అందరూ దాన్ని డీసీఓ అనే అంటారు. ఎన్నింటికి చేశారు, ఎవరు ఎత్తారు, ఏం చెప్పారు అన్నది రాయండి. ఫోన్ ఎత్తకపోతే అదీ రాయాల్సిన సంగతే. భద్రతా నిషేధం అయితే మఖ్సోమ్ వాచ్‌లోనూ, 1988 నుంచి పనిచేస్తున్న హమోకెద్ అనే ఇజ్రాయెల్ హక్కుల సంస్థలోనూ అప్పీలుకి సాయం చేసేవాళ్లున్నారు. ఆ నంబరు అరబీలో అచ్చువేసిన చీటీలు జేబులో పెట్టుకోండి.

సైనికులతో మాట్లాడొచ్చు, మర్యాదగా. "గుడ్ మార్నింగ్, రెండో గేటు ఇవాళ తెరుస్తారా, ఒక పెద్దాయన నిలబడలేకపోతున్నారు" అంటే చాలు. వాళ్లలో చాలామంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. కొన్ని చెక్‌పాయింట్లలో ప్రైవేటు గార్డులు ఉంటారు. తిరిగొచ్చి తమ సైనిక జీవితం గురించి బహిరంగంగా మాట్లాడినవాళ్లు కూడా ఇలాంటి సైనికుల్లోంచే వచ్చారు. హెబ్రోనులో పనిచేసిన సైనికులే 2004లో బ్రేకింగ్ ద సైలెన్స్ అనే సంస్థ పెట్టారు. కాబట్టి మాట తూలొద్దు, వాదించొద్దు. మీరు గొడవ పడితే మీకు పోయేది ఒక గంట. మీ వెనక ఉన్న వరసకి గేటు మూస్తారు. నా రెండో వారంలో మా బృందంలో ఒకరు గట్టిగా అరిచారు. గేటు ఇరవై నిమిషాలు మూశారు. వరసలోంచి ఒక పెద్దాయన మావైపు చూసి, కోపం లేకుండా, మాట్లాడకండి అన్నట్టు వేలు పెదవి మీద పెట్టుకున్నారు. ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఫోటోలు తీయాలని ఉంటుంది. చెక్‌పాయింట్ లోపల తీయొద్దు. పాలస్తీనియన్ల ముఖాలు అడగకుండా ఎక్కడా తీయొద్దు. మీరు పెట్టిన ఫోటో వల్ల ఒకరి పర్మిట్ పోతే దాన్ని తిరిగి ఇప్పించడం మీ వల్ల కాదు. వరస పొడవు చూపించాలంటే వెనకనుంచి, దూరంనుంచి, ముఖాలు పడకుండా తీయండి. నిజానికి మంచి లెక్క ముందు ఫోటో అవసరం తక్కువ.

హెబ్రోనులో బడి దారి

ఇది వేరే రకం పని. హెబ్రోను 1997 ఒప్పందంతో రెండుగా చీలింది. హెచ్1 పాలస్తీనా పాలనలో, హెచ్2 ఇజ్రాయెల్ సైన్యం కింద. హెచ్2లో సెటిలర్లు, అంటే ఆక్రమించిన పాలస్తీనా భూమిలో ఇళ్లు కట్టుకుని ఉండే ఇజ్రాయెలీలు, వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పాలస్తీనియన్లు ఉంటారు. 1994 ఫిబ్రవరిలో ఒక సెటిలర్ ఇబ్రాహీమీ మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. ఆ తర్వాత ఆంక్షలు పడింది మాత్రం పాలస్తీనియన్ల మీదే. ఒకప్పటి పెద్ద బజారు షుహదా వీధిలో కొట్లు మూతపడ్డాయి, తలుపులు వెల్డింగ్ చేసేశారు. ఆ వీధి చివర చెక్‌పాయింట్ 56 ఉంది. దాని గుండా పిల్లలు బడి సంచులతో వెళ్తారు. అక్కడ అంతర్జాతీయ ఒప్పందంతో వచ్చిన పరిశీలక బృందం ఒకటి ఉండేది, 2019 జనవరిలో ఇజ్రాయెల్ దాని గడువు పొడిగించలేదు. అందుకే స్వచ్ఛందంగా నిలబడేవాళ్ల అవసరం అక్కడ పెరిగింది.

బడి దారిలో పిల్లలకి మీరు కనపడాలి, సైనికులకీ కనపడాలి. ఎన్ని సంచులు విప్పి చూశారు, ఎంతమంది పిల్లల్ని, ఎంతసేపు ఆపారు, టీచర్లని ఆపారా, భాష్పవాయువు వాడారా, అన్నవి లెక్కపెట్టండి. పిల్లలు మీ చేయి పట్టుకుంటారు, ఫోటో తీయమంటారు. చాక్లెట్లు పంచడం మొదలుపెట్టకండి. రేపు మీ బదులు వచ్చినవాళ్లని పిల్లలు చాక్లెట్లే అడుగుతారు. ఒక పిల్లవాణ్ని పట్టుకుపోతుంటే మీరు అడ్డం పడొద్దు. వాడి వయసు, వేసుకున్న బట్టలు, ఏ వైపు తీసుకెళ్లారు, ఏ యూనిట్, ఎన్నింటికి అన్నది చూసి వెంటనే సంస్థకి చెప్పండి. లాయరు ఆ పిల్లవాడి దగ్గరికి గంట ముందు చేరడానికి మీ కళ్లు పనికొస్తాయి. సెటిలర్లు తిడతారు, ఉమ్ముతారు, ఫోన్ ముఖం మీద పెట్టి వీడియో తీస్తారు. జవాబివ్వకండి, నడుస్తూ ఉండండి, ఇద్దరూ విడిపోకండి.

పొలం గేట్లు

గోడ అవతల పొలాలు మిగిలిపోయిన ఊళ్లున్నాయి, కల్కిల్యా జిల్లాలో జయ్యూస్ లాంటివి. సొంత పొలానికి వెళ్లడానికి రైతుకి పర్మిట్ కావాలి. నేనున్నప్పుడు గేటు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కొంతసేపే తెరిచేవారు. కొన్నిచోట్ల అక్టోబరు, నవంబరులో ఆలివ్ కోతలప్పుడే తెరిచేవారు. చెప్పిన టైముకి పావుగంట ముందే వెళ్లండి. తెరిచిన నిమిషం, మూసిన నిమిషం, ఎన్ని ట్రాక్టర్లు, ఎన్ని గాడిదలు, ఎవరెవరి ఇంట్లో ఒక్కరికే పర్మిట్ వచ్చింది, ఇవి రాయండి. చెట్టు కిందకి పిలిచి రొట్టె పెడితే తినండి.

2023 తర్వాత మారిన సంగతి

నేను రాసిన కూలీల వరస ఇప్పుడు అలా ఉండదు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడి జరిగాక వెస్ట్ బ్యాంక్ కూలీల పర్మిట్లు దాదాపు అన్నీ నిలిపేశారు. లక్షమందికి పైగా మనుషులు ఒక్కసారిగా పని కోల్పోయారు. వాళ్లు వదిలిన నిర్మాణ పనుల్లోకి మన దేశంనుంచి కూలీలని తీసుకెళ్లారు. 2024లో హైదరాబాద్‌లో కూడా ఎంపికలు జరిగాయి. ఇల్లు గడవక వెళ్లిన మన మేస్త్రీలని నేను తప్పుపట్టను. కానీ ఇటువైపు ఎవరి చోటు ఖాళీ అయితే అటు పని దొరికిందో మన తెలుగువాళ్లకి తెలియాలి.

ఇప్పుడు ఎక్కువ ఎదురుచూపు కార్లలో. ఊళ్ల మొదట్లో ఇనుప గేట్లు పెట్టారు. ఐక్యరాజ్యసమితి మానవతా సమన్వయ కార్యాలయం 2023 మొదట్లో వెస్ట్ బ్యాంక్‌లో 645 అడ్డంకులు లెక్కపెట్టింది. 2025 మొదట్లో అవి 849. మీరు వెళ్లి నిలబడేది చాలావరకు ఇలాంటి గేటు దగ్గరే. అక్కడ మనుషుల్ని కాకుండా బళ్లని లెక్కపెట్టాలి. వరసలో ఎన్ని బళ్లు, గంటలో ఎన్ని కదిలాయి, అంబులెన్సులు, బడి వ్యాన్లు, పెళ్లి బళ్లు. సెటిలర్ల హింస కూడా బాగా పెరిగింది, కాబట్టి ఏ రోజు బయటికి వెళ్లాలో, ఏ రోజు వద్దో అక్కడివాళ్లే చెప్పాలి. వాళ్లు వద్దంటే వద్దు.

రమదాన్ శుక్రవారాలు వేరే సంగతి. యెరూషలేములోని అల్-అక్సా మసీదులో నమాజుకి వెళ్లేవాళ్లకి వయసు పరిమితి పెడతారు. 2024లో మగవాళ్లు 55 దాటి, ఆడవాళ్లు 50 దాటి ఉండాలి, పిల్లలైతే పదేళ్లలోపు, అందరికీ పర్మిట్ ఉండాలి. ఆ రోజు వెనక్కి తిరిగినవాళ్ల వయసులు రాయడమే ముఖ్యమైన పని. ఉపవాసంతో ఉన్నవాళ్ల ఎదురుగా నీళ్ల సీసా తీయకండి.

ఆ రోజే రాయండి

ఇంటికొచ్చి నిద్రపోయి లేచాక రాస్తే సగం పోతుంది. టీ తాగి, బట్టలైనా మార్చకుండా కూర్చుని రాయండి. ఇద్దరి నోట్లు పక్కపక్కన పెట్టుకుని, తేడాలుంటే మాట్లాడుకోండి. తేలకపోతే రెండూ రాయండి.

"ఇవాళ పరిస్థితి దారుణంగా ఉంది, జనం జంతువుల్లా ఉన్నారు" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు, పైగా ఆ మనుషులకి అవమానం. ఇలా రాయండి: "4:05కి గేటు తెరిచారు. 12 కిటికీల్లో 4 పనిచేశాయి. 5:10 నుంచి 5:32 దాకా తిరిగే గేటు ఆగింది, కారణం చెప్పలేదు. 4:50కి వరసలో చేరిన మనిషి 6:25కి బయటికొచ్చారు. మానవతా గేటు 6:40కి తెరిచారు. ముగ్గురిని వెనక్కి పంపారు, ఇద్దరు పర్మిట్ గడువని చెప్పారు, ఒకరు మాట్లాడలేదు." ఇందులో అంకెలు నమూనాకి వేసినవి, తీరు చూడండి. మీరు కళ్లారా చూసింది ఒకచోట, వేరేవాళ్లు చెప్పింది "ఫలానా వయసు కూలీ చెప్పారు" అని మరోచోట. పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు నోటుబుక్కులోకే రానివ్వకండి. మీ కోపం, ఏడుపు రాసుకోవడానికి వేరే పుస్తకం పెట్టుకోండి, తప్పకుండా పెట్టుకోండి. కానీ రెండూ కలపొద్దు.

ఈ రిపోర్టులు ఐక్యరాజ్యసమితి కార్యాలయాలకి, హక్కుల సంస్థలకి, చర్చిలకి, రాయబార కార్యాలయాలకి వెళ్తాయి. ఒక రోజు లెక్కతో ఏమీ మారదు. ఆర్నెల్ల లెక్క ఉంటే మానవతా గేటు రోజూ ఆలస్యమవుతోందని ఎవరూ కాదనలేరు, మీ తర్వాత వచ్చినవాళ్లు ఆ కాగితం పట్టుకుని అడగగలరు. అందుకే వర్షం పడ్డా, ఏమీ జరగకపోయినా వెళ్లండి. ఏమీ జరగని రోజు కూడా రాయండి.

ఒక సంగతి మొదటి రోజునుంచీ మిమ్మల్ని కుదురుగా ఉండనివ్వదు. పని ముగిశాక మీరూ అదే దారిలో యెరూషలేము పోతారు. మన నీలిరంగు పాస్‌పోర్టు చూసి అర నిమిషంలో పంపేస్తారు. గంటన్నర మీరు చూసిన వరస వెనకే ఉంటుంది. దీనికి మందు లేదు. వీలైతే వరస తగ్గాకే దాటండి, పాలస్తీనియన్లు ముందుకి పొమ్మని దారి ఇచ్చినా వద్దని చెప్పి వెనకే నిలబడండి.

చివరి వారంలో మీ బదులు వచ్చేవాళ్లని తీసుకెళ్లండి. ఎక్కడ నిలబడితే కిటికీలు కనపడతాయో చూపించండి, నోటుబుక్కులో అరగంటల గళ్లు ఎలా గీసుకున్నారో చూపించండి. టీ అమ్మే ఆయన దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేయండి. రేపటినుంచి వీళ్లు వస్తారని చెప్పండి. మిగిలిన బాకీ ఏదైనా ఉంటే ఇచ్చేయండి.